పసుపు అద్దం కోసం బుచ్చి దాకా

మా ఊరి నుంచి బుచ్చిరెడ్డిపాలెం పోయి రావడాన్ని కూడా యాత్ర అంటారా అని మీరు నవ్వవచ్చు. మూడు బస్సులు మారితే వస్తుంది. కానీ ఒళ్ళో ఓడను పెట్టుకుని మూడు బస్సులు మారిన మనిషి ఇంకెవరైనా ఉంటే నాకు చూపించండి. నాకు చెంగమ్మ అన్న నా పేరు తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా వీధి అంగన్‌వాడీ టీచరు రాసిపెట్టింది.

మాది వాకాడు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చేపల పల్లె. మా ఆయన పడవలు బాగుచేసే మేస్త్రి. పని కోసం కొన్నేళ్ళు కృష్ణపట్నం పక్కన ఉన్నాం. అక్కడ నేను పాత సామాన్ల కొట్టులో ప్లాస్టిక్ ఏరే పని చేశాను. కంపెనీ క్వార్టర్స్ వాళ్ళు బదిలీ అయి పోతూ పారేసినవి గోతాల్లో వచ్చేవి. నేలకేసి కొట్టి, శబ్దం విని, గట్టిది ఒక పక్క, మెత్తది ఒక పక్క వేయాలి. ఒకరోజు ఒక గోతం నిండా బొమ్మ ఇటుకలు వచ్చాయి. పైన బుడిపెలు, కింద గుంటలు, ఒకదాని మీద ఒకటి నొక్కితే పట్టుకునేవి. వాటితో పాటు చిరిగిన అట్టపెట్టె మూత. దాని మీద ఆకాశంలో పోయే ఓడ బొమ్మ. నీలం రెక్కలు, బూడిద రంగు ఒళ్ళు, ముందర పసుపు అద్దం. అద్దంలో నుంచి ఒక చిన్న మనిషి చూస్తున్నాడు.

కొట్టు ఆయన్ను అడిగి గోతం ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆయన ఆ మూతను చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇది మన నావే మే. రెక్కలు పెట్టినారు, అంతే" అన్నాడు.

అట్లా మొదలైంది. ఎట్లా పెట్టాలో చెప్పే పుస్తకం ఏదీ మాకు లేదు. ఆయన ఊహించి చెప్పేవాడు, నేను పెట్టేదాన్ని. పడవకు లాగే ముందు అడుగు వెన్ను వేసి, అటూ ఇటూ ఒళ్ళు పెంచి, సందు మీద సందు పడకుండా చూసుకునేవాళ్ళం. ఆరు ఓడలు చేశాం, ఏ రెండూ ఒకలాగా ఉండవు. ఏడోది మూరెడు పొడవు. అది సగంలో ఉండగా ఆయనకు కిడ్నీలు చెడ్డాయి. ఊరికి తిరిగి వచ్చేశాం. మంచం మీద పడుకునే చెప్పేవాడు. చేతులు ఊరికే ఉండలేక వల దారం తీసుకుని ముళ్ళు వేస్తూ ఉండేవాడు. అన్నీ అయ్యాయి, ముందర అద్దం ఒక్కటే లేదు. "అద్దం లేకుంటే లోపలోడు ఊపిరి ఎట్టా పీలుస్తాడు? యాడన్నా ఉంటాది, వెతుకు" అన్నాడు. అదే నాకు అప్పజెప్పిన పని. ఆయన పోయి రెండేళ్ళు.

మా మామగారి ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పడవ కట్టేటప్పుడు యజమానిది ఏదైనా ఒకటి లోపల పెట్టి మూస్తారు. నేను ఆయన ముళ్ళ దారాన్ని ఓడ పొట్టలో చుట్టి పెట్టాను. మిగిలిన కొస ముక్కు దగ్గర సందులోకి దోపాను.

కృష్ణపట్నంలో కరెంటు పని చేసే మురళి అనే అతనికి కూడా ఈ ఇటుకల పిచ్చి ఉంది. పాత కొట్టులో పరిచయం. అతనే ఫోను చేశాడు. బుచ్చిలో ప్రమీలమ్మ గారని రిటైరైన లెక్కల మేడమ్ ఉన్నారట, పాతకాలం ఓడలే చేస్తారట, ఆమె దగ్గర పసుపు అద్దం ఉందట. ఇప్పుడు అవి తయారు కావట. శనివారం ఆమె మేడ మీద ఇట్లాంటి వాళ్ళంతా కలుస్తారు. ఆ అద్దాన్ని నెల్లూరు పళ్ళ డాక్టరు కూడా అడుగుతున్నాడు. "సాయంత్రం నాలుగు దాకా నీ కోసం ఆపుతామన్నారక్కా. నీ ఓడకు కుదిరితే నీది, లేకుంటే ఆయనది" అన్నాడు.

బస్సు కుదుపుకు ఓడ విడిపోతుందని భయమేసింది. గుగ్గిలం నూనెలో కరిగించి, చల్లారాక సందులన్నిటికీ పూశాను. పడవ మేస్త్రి పెళ్ళానికి ఇంకేం తోస్తుంది?

వాకాడు రోడ్డు

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. తోడు మా ఆడబిడ్డ పోలమ్మ. మా ఆయనకు చెల్లెలు, వల అల్లడంలో ఊళ్ళో ఆమె తర్వాతే ఎవరైనా. నా మాదిరే మొగుడు పోయినది. వస్తానన్నందుకు సంతోషించానా, దారి పొడవునా సాధించింది.

"ప్లాస్టిక్ ముక్క కోసం ఇద్దరు ముసలోళ్ళం ఊళ్ళు పట్టుకొని పోతుండాం. అడిగితే ఏం చెప్తావు వదినా?"

"గమ్మునుండు పోలీ."

ఓడకు సరిపోయే పెట్టె ఇంట్లో ఒకటే ఉంది, ఐసులో చేపలు పెట్టే థర్మాకోల్ పెట్టె. చింతపండుతో మూడుసార్లు కడిగాను. మా ముక్కులకు ఏమీ తెలియలేదు. బస్సెక్కగానే కండక్టరుకు తెలిసిపోయింది.

"ఆడోళ్ళకు టికెట్టు లేదు గానీ చేపల పెట్టె లోపలికి రాకూడదమ్మా. పైనెయ్యి."

"చేపలు కాదన్నా, ఓడ."

"ఏంది?"

"ఓడ. పైనేస్తే ఇరిగిపోతాది."

ముందు సీటు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పోలమ్మ ఆమె వైపు తిరిగి, "చేపలైతే నీకే అమ్మేసి ఇంటికి పోయేవాళ్ళం గదా" అంది. కండక్టరు నవ్వి ముప్పై రూపాయలు లగేజీ టికెట్ కొట్టాడు. మా ఇద్దరికీ సున్నా టికెట్లు, ఓడకు ముప్పై.

మర్నాడు రాకెట్టు లేచే రోజు. మా వైపు అలవాటైన సంగతే. ముందు రోజు నుంచే పడవలు దించనివ్వరు, రోడ్డు మీద బండ్లు ఆపి చూస్తారు. మలుపు దగ్గర బస్సు ఆగింది. కానిస్టేబుల్ ఒకతను ఎక్కి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"లోపల ఏముంది?"

నేను నోరు తెరిచేలోపే పోలమ్మ, "రాకెట్టు సార్" అంది.

అతను పెట్టె కింద పెట్టమన్నాడు. నా చేతులు మూతను వదలలేదు. లాఠీతో కెలుకుతాడేమో, మూత విసురుగా లాగుతాడేమో, రెక్క పట్టి ఎత్తుతాడేమో. "నేనే తీస్తా సార్, నేనే" అంటూ నా చేత్తోనే తీశాను. అతను వంగి చూశాడు. నీలం రెక్కలు, వెనక ఎర్ర ముక్కలు, లోపల కూర్చున్న చిన్న మనిషి.

"ఎవరు చేసినారు?"

"నేను, మా ఆయన."

"ఎగురుతుందా?"

"ఎగరదు సార్. అద్దం లేదు."

అతను మూత తానే తీసుకుని రెండు చేతులతో మెల్లగా మూసి దిగిపోయాడు. బస్సు కదిలాక పోలమ్మ కాలి మీద గట్టిగా తొక్కాను. "అబద్ధం చెప్పమంటావా పోలీసుకి?" అంది.

గూడూరు

గూడూరు స్టాండులో దిగేటప్పుడు వెనక నుంచి ఎవరో తోశారు. పెట్టె తలుపు రేకుకు తగిలింది. లోపల టక్ అని చిన్న శబ్దం. మూత తీసి చూద్దామంటే ధైర్యం చాలలేదు. విరిగిందని తెలిస్తే ఇక్కడి నుంచే వెనక్కి పోతాను. తెలియకపోతే ముందుకు పోతాను. ముందుకే పోదామనుకున్నాను.

ఆ ఊళ్ళో ఎటు చూసినా నిమ్మకాయలే. మా ఊళ్ళో రొయ్యల్ని కుప్ప పోసినట్టు బస్తాలు విప్పి పోస్తారు. ఇరవై రూపాయలకు సోడా ఇచ్చారు, ఒక్కదానికి రెండు కాయలు పిండి. మా ఊళ్ళో ఒక కాయను నాలుగు గ్లాసులకు సరిపెడతారు. పోలమ్మ రెండు తాగింది. నేను పెట్టెను ఒళ్ళో నుంచి దించలేక, ఆమె తాగిస్తే ఒకటి తాగాను.

నెల్లూరు

ఆ రాత్రి నెల్లూరులో పోలమ్మ అత్తింటి వైపు చుట్టాల ఇంట్లో తలదాచుకుని, శనివారం తెల్లవారాక బస్టాండు దగ్గర బండి మీద కారం దోసె తిన్నాం. యాభై రూపాయలు. మా ఊళ్ళో దోసె అంటే రాత్రి మిగిలిన చేపల పులుసుతోనే. ఇక్కడ ఎర్రకారం పూసి, పైన వెన్న వేసి ఇస్తారు. నోరు మండుతుంది, మండుతుండగానే ఇంకో ముక్క తుంచుకుంటాం.

నేను ఒక చేత్తో తింటూ రెండో చేత్తో పెట్టెను హత్తుకుని కూర్చున్నాను. దోసెలు పోసే ఆమె నా బోసి నొసలు, పెట్టె, మార్చి మార్చి చూసింది. డబ్బులు ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుంది.

"పెన్నలో కలిపేదానికా అక్కా?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పెట్టెను ఇంకా దగ్గరికి లాక్కున్నాను. పోలమ్మే చెప్పింది. "కాదు మే. మా అన్న బూడిద రెండేళ్ళ నాడే కలిపేసినాం. ఇది ఆయన చేసిన బొమ్మ. ఈమె దీనికి అద్దాలు పెట్టిచ్చేదానికి పోతా ఉండాది, కళ్ళ డాక్టరు కాడికి పోయినట్టు."

ఆమె నవ్వాలా వద్దా అని ఆగి, మాకిద్దరికీ చెరొక ఇడ్లీ ఊరికే పెట్టింది. నెల్లూరు వాళ్ళు గడుసువాళ్ళని మా ఊళ్ళో అంటారు. నేను ఇకమీదట అనను.

బుచ్చిరెడ్డిపాలెం

బుచ్చి దగ్గరపడే కొద్దీ రోడ్డుకు రెండు పక్కలా వరి. సముద్రం చూసిన కళ్ళకు అంత పచ్చదనం కూడా నీళ్ళలాగే కనిపిస్తుంది, గాలికి అట్లాగే కదులుతుంది. ఊళ్ళోకి రాగానే మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన. మేము గుమ్మాల ముందు చేపలు ఎండబెడతాం, వీళ్ళు వడ్లు ఎండబెడతారు. కర్ర పట్టుకుని కూర్చుని కాకుల్ని తిట్టడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ప్రమీలమ్మ గారి ఇల్లు వడ్ల వ్యాపారం చేసిన వాళ్ళ ఇల్లు. కింద బస్తాలు, పైన గది. సన్నగా, నిటారుగా ఉన్నారు ఆమె. చేతిలో సుద్దముక్క లేదు గానీ ఉన్నట్టే అనిపించింది. కాళ్ళకు నీళ్ళిచ్చి, మజ్జిగ ఇచ్చి, "ముందు ఓడ చూద్దాం" అన్నారు.

గదిలో బల్ల మీద వరుసగా ఓడలు. పది పదకొండు ఉంటాయి. ఒకటి బాతులాగా, ఒకటి ఇస్త్రీపెట్టెలాగా. అన్నీ నీలం, బూడిద, పసుపే. నాలాంటి పిచ్చివాళ్ళు ఇంతమంది ఉన్నారా అనుకున్నాను. ప్రమీలమ్మ గారు చెప్పారు, ఇప్పటివాళ్ళు బుడిపెలు కనపడకుండా నున్నగా చేస్తారట, పాతకాలపు ఓడకు బుడిపెలే అందమట. మాకు నున్నటి ముక్కలు దొరక్క బుడిపెలతో చేశాం. అది కూడా ఒక పద్ధతేనని అప్పుడే తెలిసింది.

మురళి అప్పటికే వచ్చి ఉన్నాడు. పళ్ళ డాక్టరు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు, పొట్టిగా, తెల్ల చొక్కాతో. ఆయన ఓడ ముందర కూడా ఖాళీయే.

పెట్టె మూత తీశాను. గూడూరులో టక్‌మన్నది ఎడమ రెక్క. ఊడలేదు, ఒక నీలం ముక్క పగిలింది. గుగ్గిలం పట్టి ఉంచడం వల్ల ఊడాల్సిన చోట ఊడలేక పగిలింది. ప్రమీలమ్మ గారు వంగి వాసన చూశారు.

"ఇదేం వాసన?"

"గుగ్గిలమమ్మా. నీళ్ళు చొరబడకుండా పూస్తాం."

"దీన్ని నీళ్ళలో వదులుతావా?"

మురళి తల పట్టుకున్నాడు. "అక్కా, నాతో ఒక మాట అనుంటే..."

ఆమె కోప్పడలేదు. ఇంగువ డబ్బా తెచ్చి మూత తీశారు. దూది మధ్యలో అద్దం. పసుపురంగు, వెలుతురుకు పట్టుకుంటే తేనెలాగా ఉంది. రెండేళ్ళుగా ఎన్ని గోతాలు తిరగేశానో దానికోసం. ఆమె దాన్ని నా ఓడ ముక్కు మీద ఆనించారు. ఆనలేదు. రెండు పక్కలా బయటికి వచ్చింది.

"అద్దం వెడల్పు ఆరు బుడిపెలు. నీ ముక్కు నాలుగే" అన్నారు. "ముక్కు వెడల్పు చేయాలంటే దాన్ని పట్టుకున్న ఒళ్ళు విప్పాలి. ఒళ్ళంటే వెన్ను దాకా విప్పాలి. నువ్వేమో అంటించి పెట్టావు. చూడు చెంగమ్మా, నా దగ్గర ఒకటే నియమం. విప్పితే విడిపోవాలి, పెడితే కూడాలి. అంటించిన ఓడకు నేను ముక్క ఇవ్వను. నాలుగు దాకా టైముంది. విప్పి మళ్ళీ కట్టు."

"విప్పలేనమ్మా" అన్నాను.

"ఎందుకు?"

"చెప్పినాయన లేడు. ఇది నా బుద్ధితో కట్టింది కాదు. ఆయన చెప్పినాడు, నేను పెట్టినాను. విప్పితే మళ్ళా చెప్పేదెవరు?"

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. అద్దం డబ్బాలోకి వెళ్ళిపోయింది. నేను నా పెట్టె మూత చేతిలోకి తీసుకున్నాను. అద్దం లేని ఓడైనా చాలు, ఉన్నది ఉన్నట్టు ఇంటికి చేరితే చాలనుకున్నాను.

ముళ్ళ దారం

కదిలించింది పళ్ళ డాక్టరు. ఆ అద్దం నాకు దక్కకపోతే దక్కేది ఆయనకే, అయినా లేచి వచ్చాడు. జేబులో నుంచి సన్నటి కొక్కెం తీశాడు, పంటి సందులు గోకేది. "మొత్తం విప్పొద్దులేమ్మా. ఆ ముక్కు దగ్గర గుగ్గిలం మాత్రం తీసి చూద్దాం. ఎంత గట్టిగా పట్టిందో తెలుస్తుంది."

కుర్చీలో మనిషిని కూర్చోబెట్టినంత జాగ్రత్తగా ఓడను తన ముందు పెట్టుకున్నాడు. "నోరు బాగా తెరువు" అని ఓడతో అన్నాడు. పోలమ్మ కిసుక్కున నవ్వింది. గుగ్గిలం చిన్న చిన్న పలుకులుగా రాలింది. దానితో పాటు దారం కొస బయటికి వచ్చింది. ఆయన లాగితే వస్తూనే ఉంది.

"ఇదేంటి, లోపల నరం కూడా ఉందే."

"ఆయన దారం. జాగ్రత్త సార్" అన్నాను.

నేల మీద పడకుండా పోలమ్మ అందుకుని వేలికి చుట్టసాగింది. నాలుగు చుట్లు చుట్టి ఆగింది. చుట్టింది విప్పింది. కళ్ళు మూసుకుని బొటనవేలితో దారం మీద తడుముతూ పోయింది.

"వదినా. దీన్ని నువ్వు ఊరికే ముళ్ళనుకున్నావా?"

"మరేంది?"

"వల లెక్క. కొత్త వరసకి పెద్ద ముడి. ఆ వరసలో ఎన్ని వల కళ్ళో అన్ని చిన్న ముళ్ళు. మా నాయన నేర్పినాడు మా ఇద్దరికీ."

మా పుట్టింట్లో వల అల్లరు, చేపలు ఎండబెట్టడమే. ఆ లెక్క నాకు తెలియదు. ఆయన నాకు చెప్పనూ లేదు. చెప్పాల్సిన అవసరం ఉందని అనుకోలేదేమో.

పోలమ్మ దారం రెండో కొస దొరకబుచ్చుకుని మొదలుపెట్టింది. "పెద్ద ముడి. ఎనిమిది. పెద్ద ముడి. ఎనిమిది. పెద్ద ముడి. పది." ప్రమీలమ్మ గారు ఓడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వేలితో బుడిపెలు లెక్కపెడుతున్నారు. "ఎనిమిది, ఉంది. ఎనిమిది, ఉంది. పది, ఉంది." తోక నుంచి ముక్కు వైపు ఒక్కొక్క వరసా సరిపోతూ వచ్చింది. ఎక్కడో ఒకచోట సరిపోదని నాకు తెలుసు.

"పెద్ద ముడి. ఆరు" అంది పోలమ్మ.

"నాలుగు" అన్నారు ప్రమీలమ్మ గారు.

"పెద్ద ముడి. ఆరు."

"నాలుగు."

పోలమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది. "ఆరేసినాడు వదినా. నువ్వు నాలుగు పెట్టినావు."

చెప్పక తప్పలేదు. అప్పటికి ఆయనకు చూపు ఆనడం లేదు. ఆరు వెడల్పు పలక మా గోతంలో లేదు. లేదంటే దిగులుపడతాడని, నాలుగుది పెట్టి, "పెట్టినా" అన్నాను. ఆయన తడిమి చూడలేదు. నా మాట నమ్మి ముడి వేసుకున్నాడు. అట్ట మూత మీద అద్దం ముందర ఎన్ని బుడిపెలో లెక్కపెట్టే ఆరు చెప్పి ఉంటాడు. రెండేళ్ళు అద్దం దొరకలేదని ఏడ్చాను. దొరికినా పట్టేది కాదు.

"అన్నకే అబద్ధం చెప్పినావా" అంది పోలమ్మ. తిట్టు లేదు ఆ మాటలో. నేను మూత పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాను.

"విప్పుతా" అన్నాను.

నాలుగు గంటలు

విప్పడం అంత సులువుగా కాలేదు. డాక్టరు గోకుతున్నాడు, మురళి నూనె గుడ్డతో తుడుస్తున్నాడు, నేను ఒక్కొక్కటీ ఊడదీస్తున్నాను. గుగ్గిలం ముదిరిన చోట మరో రెండు ముక్కలు పగిలాయి. పగిలిన ప్రతిసారీ గడియారం వైపు చూశాను. అడుగు వెన్ను ఒక్కటే మిగిలేసరికి ఒంటిగంట దాటింది. బల్ల నిండా ముక్కలు. ఆయన పోయిన రోజు ఇల్లు గుర్తొచ్చింది నాకు. అన్ని సామాన్లూ ఉన్నాయి, ఏదీ దాని చోట లేదు.

ప్రమీలమ్మ గారు అన్నం తినందే ముందుకు సాగనివ్వలేదు. మొలగొలుకుల బియ్యపు అన్నం, పప్పు, గోంగూర, పైన నెయ్యి. శనివారం వాళ్ళింట్లో నీసు వండరు. చేప లేని అన్నం నేను జబ్బు పడ్డప్పుడే తింటాను, ఆ రోజు మాత్రం ఏం తింటున్నానో తెలియలేదు. పోలమ్మకు తెలిసింది. మూడోసారి వడ్డించుకుంటూ, "ఈ బియ్యానికి చేపల పులుసు పడుంటే" అని నిట్టూర్చింది. "ఆదివారం రా" అన్నారు ప్రమీలమ్మ గారు.

రెండు గంటలకు కట్టడం మొదలైంది. పోలమ్మ కళ్ళు మూసుకుని చెబుతుంది, నేను పెడతాను. ఎనిమిది. ఎనిమిది. పది. దారం వెడల్పులే చెబుతుంది, ఏ రంగు, ఏ ముక్క అని చెప్పదు. అవన్నీ చేతులకే గుర్తున్నాయి. మూడు వరసలు పడ్డాక చేయి తనంతట తానే పోయింది. ఒకచోట ఆగిపోయాను. రెక్క అతికే చోట ఏ ముక్క ముందో గుర్తు రాలేదు. అటు పెట్టి చూశాను, ఇటు పెట్టి చూశాను. మూడు కావస్తోంది.

"సందు మీద సందు రాకూడదు గదక్కా" అన్నాడు మురళి మెల్లగా.

"మేస్త్రి పెళ్ళానికి చెప్తుండావా" అంది పోలమ్మ. కానీ అదే మాట దారి చూపింది. కింద సందు ఎక్కడుందో చూసి, దాని మీదికి పొడుగు ముక్క వేశాను. పట్టుకుంది.

ముక్కు దగ్గరికి వచ్చేసరికి మూడుంపావు దాటింది. "పెద్ద ముడి. ఆరు." ఆరు వెడల్పు పలకలు నాలుగు కావాలి. మురళి తన డబ్బాలో మూడు వెతికి ఇచ్చాడు. నాలుగోది లేదు. అతను డబ్బా మొత్తం బల్ల మీద కుమ్మరించాడు. లేదు. నేను డాక్టరు వైపు చూడలేదు. ఏమని చూస్తాను? ఆయన లేచి తన ఓడ దగ్గరికి పోయి, వెనక్కి తిప్పి, అడుగు నుంచి ఒక పలక ఊడదీసి తెచ్చి నా ముందు పెట్టాడు.

"మీ అద్దం సంగతి ఏంది సార్?" అన్నాను.

"నా ఓడను అద్దం కోసమే కట్టాను. మీరు ఆయన మాట ముళ్ళలో మోసుకొచ్చారు, అద్దం మీదే" అన్నాడు. కొక్కెం జేబులో పెట్టుకుని మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నాడు.

పగిలిన నీలం ముక్కల చోట ఎర్రవి పడ్డాయి. ఎడమ రెక్క మీద మచ్చలాగా కనిపిస్తాయి. చిన్న మనిషిని లోపల కూర్చోబెట్టాను. ప్రమీలమ్మ గారు ఇంగువ డబ్బా నా చేతికే ఇచ్చారు. మా ఊళ్ళో కొత్త పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు నాలాంటి దాన్ని ముక్కు ముట్టనివ్వరు, ఎదురు కూడా రానివ్వరు. నేను పోలమ్మ వైపు చూశాను. "నన్నెందుకు చూస్తావు? నేనూ అంతే గదా. పెట్టు" అంది.

అద్దం పెట్టి నొక్కాను. టక్ అంది. గూడూరులో విన్న టక్ లాంటిది కాదు.

గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

తిరుగు దారి

ప్రమీలమ్మ గారి దగ్గర ముక్క తీసుకుంటే బదులు ఏదైనా ఇవ్వాలి. ఆమె దారం అడిగారు. నా ముఖం చూసి వెంటనే, "అది కాదు, దాని నకలు" అన్నారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినా ఇట్లాంటి లెక్క చూడలేదట. నెల్లూరు బస్సులో పోలమ్మ ఆమె ఇచ్చిన నూలు దారం మీద ముళ్ళు వేయడం మొదలుపెట్టింది, ఆదివారం గూడూరు దాటేసరికి పూర్తయింది. ఆ రెండు దారాలనూ ముడికి ముడి ఆనించి చూశాం. ఎక్కడా తేడా లేదు. నకలును తర్వాత మురళి చేత ఆమెకు పంపాం.

వాకాడు బస్సులో మళ్ళీ అదే కండక్టరు. ఈసారి పెట్టె ఎక్కడ పెట్టమని తానే అడిగాడు. గుగ్గిలం లేని ఓడ గుంతల్లో గలగలమంది. మా మలుపు దగ్గర పెద్ద కుదుపుకు కుడి రెక్క ఊడి పెట్టెలో పడింది. నేను మూత తీసి, రెక్కను దాని చోట నొక్కి, మూత పెట్టాను. పోలమ్మ కిటికీలో నుంచి తల కూడా తిప్పలేదు.

సోమవారం పొద్దున గుమ్మంలో చాప వేసి ఓడ మొత్తం విప్పాను. ఎవరూ విప్పమనలేదు. పోలమ్మ వల పని పక్కన పెట్టి వచ్చి, గోడకు ఆనుకుని, దారం చేతిలోకి తీసుకుంది.

"ఊఁ, చెప్పు" అన్నాను.

"పెద్ద ముడి" అంది.